నడుందాకా నీళ్లు, మెడకు మంట

వాడి కబీర్, మస్కట్
7 ఆగస్టు 1977

కమలక్కకు,

తమ్ముడు నర్సయ్య దండాలు. ఇక్కడ రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం సుత్తె పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. ఆ ఎండ తప్ప నాకు వేరే లోటు లేదు. రూమ్‌లో నాతో ఉండే దస్తగిర్ కడప మనిషి. వంట ఆయనది, వంకలు పెట్టడం నాది. నిన్న చేపల పులుసులో చింతపండు మరిచిపోయి, అరబ్బుల చేపలు ఇంతే, పులుపు పట్టవని నాకే నచ్చజెప్పబోయాడు.

గౌరికి మెట్‌పల్లి సంబంధం ఖాయమైందని, మాఘంలో పెళ్లని నువ్వు రాసింది చదివి షెడ్డులో అందరికీ హల్వా పంచాను. ఆ వెంటనే వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాను. నా అగ్రిమెంటు రెండేళ్లు, ఇంకా ఏడాదే గడిచింది. మధ్యలో ఛుట్టీ అడిగినవాణ్ని ఇక్కడ పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తారు. మేనమామను నేను ఇక్కడుంటే పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎవరు తెస్తారు?

దానికొక దారి దొరికింది. మా అర్బాబ్ సాలిం, అంటే వర్క్‌షాపు యజమాని, నన్ను వాళ్ల నాన్న హమూద్ దగ్గరికి తీసుకెళ్లాడు. తెల్లగడ్డం, నడుముకు వంకీ కత్తి, చూపు మాత్రం పాతికేళ్ల కుర్రాడిది. మాది కంచరి ఇల్లని తెలిసి ఒక పని అప్పజెప్పాడు. అది బక్రీదు లోపల కుదిరితే నాకు మాఘంలో ఛుట్టీ ఇస్తానని సాలిం మాటిచ్చాడు.

పని ఇది. చూపుడువేలంత పొడుగు ఇత్తడి సామాన్లు, అడుగు మందం, మెడ సన్నం. వాటిని లోపలినుంచి ఉబ్బించాలి. పాత సరుకేమో, ఉబ్బగానే మెడ కింద పగుళ్లిస్తున్నాయి. ఇత్తడి మొండికేస్తే నాన్న ఏంచేసేవాడో నాకు సగమే గుర్తుంది. నేను చిన్నప్పుడే లేత్ మిషను నేర్చుకోవడానికి పోయాను, నాన్న పక్కన కూర్చుని తిత్తి ఊదింది నువ్వు. కాస్త వివరంగా రాయి. నా ఛుట్టీ నీ చేతిలో ఉంది.

నా ఇంటిది చిన్నవ్వకు ఇది చదివి వినిపించు. ఆమెకు విడిగా రాస్తే అదీ నువ్వే చదవాలి కదా, సిగ్గేసి ఆగిపోతున్నాను.

నీ తమ్ముడు
నర్సయ్య


కోరుట్ల, కంచరి వాడ
28 ఆగస్టు 1977

తమ్ముడు నర్సయ్యకు,

అక్క దీవెనలు. నీ ఉత్తరం వచ్చిన రోజు మీ బావకు పొద్దున్నుంచీ ఒక్క బేరం లేదు. జనమంతా స్టీలు సామాను వెంట పడ్డారు, బిందెకు మాటు వేయించుకునేవాళ్లు కూడా తగ్గారు. అలాంటిది, మస్కట్‌లో షేకుకు మా బావమరిది ఇత్తడి పని చేసిపెడుతున్నాడని తెలిసేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. దుకాణం ముందు పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పాడు.

కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడకు. చిన్నవ్వకు రాయాల్సింది రాయి, నేను కళ్లు మూసుకుని చదువుతాను.

ఇక ఇత్తడి సంగతి. దెబ్బలు తిన్న ఇత్తడి, ఏళ్ల తరబడి మూలన పడున్న ఇత్తడి బిరుసెక్కుతుంది. దాన్ని కాల్చి మెత్తబరచనిదే ఒక్క దెబ్బ వేయకూడదు. తలుపులు మూసి నీడలో కాల్చు. ఎరుపు కనపడీ కనపడనట్టు ఉండాలి. బాగా ఎర్రబడిందంటే చేజారినట్టే. వెంటనే నీళ్లలో ముంచు. అంతకన్నా ముఖ్యం, సామాను మొత్తం ఒకే తీరున కాలాలి. ఒక పక్క మెత్తన, ఒక పక్క బిరుసు ఉంటే చెంబు వంకరపోతుందని నాన్న నా చెవిలో జోరీగలా చెప్పేవాడు. నువ్వు కూడా అడుగు, మెడ అనకుండా అంతా కాల్చు.

అవి ఏం సామాన్లో నువ్వు రాయకపోయినా నాకు అర్థమైంది. వేలంత పొడుగు, సన్నమెడ అంటే అత్తరు బుడ్లు కాక ఇంకేమిటి? అడుగుబొడుగు అడిగి గౌరికి కూడా ఒక జత పట్టుకొస్తావని నాకు తెలుసు. వియ్యంపురాలితో అనేశాను కూడా. ఆమె, "అరబ్బు అత్తరు బుడ్లా, గవి మా ఇంట్ల ముందటి అల్మారల పెడతం" అన్నది. మాట పోనివ్వకు.

లోపలినుంచి ఉబ్బించడం మాత్రం నాకు అంతుపట్టలేదు. అంత సన్న మెడలోంచి ఏ సుత్తె పోతుంది? నోటితో ఊదుతారా?

అక్క
కమల


వాడి కబీర్
20 సెప్టెంబరు 1977

అక్కా,

ముందు ఒక మాట. నాకు దెబ్బ తగల్లేదు, ఎవరికీ తగల్లేదు. ఇది చదివాక మిగతాది కూర్చుని చదువు. బావ పక్కనుంటే ఏదైనా పని మీద బయటికి పంపించు.

అవి అత్తరు బుడ్లు కావు. తుపాకీ తూటాల ఖాళీ గొట్టాలు. నువ్వు భయపడతావని రాయలేదు.

హమూద్ తుపాకీ కథ చెబుతాను. ఆయనకు చాలాకాలం కింద ఇక్కడ ఉన్న ఒక ఇంగ్లీషు ఆఫీసరు స్నేహితుడు. ఇద్దరికీ గురి చూసి కొట్టడమంటే ప్రాణం. ఆ ఆఫీసరు, తూటా కూర్చునే గూడును లోపల కాస్త వెడల్పు చేయించాడు. మామూలు తూటా అందులో పడుతుంది. పేల్చగానే ఇత్తడి గొట్టం ఆ గూటి ఆకారానికి ఉబ్బి బయటికి వస్తుంది. ఉబ్బిన గొట్టంలో మందు కాస్త ఎక్కువ పడుతుంది, గుండు మరింత దూరం సూటిగా పోతుంది. నువ్వడిగావు కదా ఏ సుత్తె పోతుందని. నిప్పే సుత్తె. ఒకసారి అలా ఉబ్బిన గొట్టం ఇక ఆ ఒక్క తుపాకీకే సరిపోతుంది, లోకంలో ఇంకే తుపాకీలోనూ పట్టదు. ఆఫీసరు తన దేశం వెళ్లిపోయాడు. ఇచ్చిపోయిన గొట్టాలు అరిగి చీలిపోయాయి. కొత్తవి ఎక్కడా అమ్మరు, ఇలా చేసుకోవలసిందే. మందు కూరడం ముసలాయన పని, అందులో నన్ను వేలు పెట్టనివ్వడు. ఇత్తడి సంగతే నాది.

నువ్వు రాసినట్టే తలుపు మూసి, రంగు చూసి, మొత్తం కాల్చి నీళ్లలో వేశాను. పట్టులా మెత్తబడ్డాయి. నాన్న గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. అమెరాత్ కొండల వైపు తీసుకెళ్లి, తుపాకీని పాత లారీ టైరుకు కట్టి, అందరం బండ చాటున దాక్కుని తాడుతో లాగాం. మెడ చీలలేదు, నిజమే. అడుగు ఉబ్బి పొగంతా వెనకనుంచి చిమ్మింది. గొట్టం గూట్లో ఇరుక్కుపోయి, కొయ్య సుత్తెతో కొడితే గానీ తుపాకీ వెనక తలుపు తెరుచుకోలేదు. సాలిం మొహం మాడిపోయింది. ముసలాయన మాత్రం ఇసుకలో చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. ఏమంటున్నాడని అరబ్బీ వచ్చిన దస్తగిర్‌ను అడిగితే, "నీ గొట్టం కూడా నా మాదిరే, మెడ బాగుండాది, కిందనే సత్తువ ల్యాదు అంటాండాడు" అని చెప్పాడు.

నవ్వినా ఆయన పట్టు వదల్లేదు. బక్రీదు పండక్కి పక్క ఊరి ఖల్ఫాన్‌తో గురి పోటీ. ఏటా ఖల్ఫానే గెలుస్తున్నాడట. పోటీ లోపల గొట్టాలు రాకపోతే నా ఛుట్టీ లేదని సాలిం తేల్చి చెప్పాడు. అక్కా, ఏదైనా ఉపాయం ఆలోచించు. ఈ సంగతి వాడలో ఎవరికీ చెప్పకు.

నర్సయ్య


కోరుట్ల
11 అక్టోబరు 1977

నర్సయ్యా,

ఎవరికీ చెప్పకు అన్నావు. నేను చెప్పలేదు. మీ బావను కరివేపాకుకు పంపాను, ఆయన కరివేపాకు తేకుండా తలుపు వెనక నిలబడి విన్నాడు. అందులోనూ సగమే విన్నాడు. సాయంత్రానికి వాడంతా, "నర్సయ్య ఫౌజుల చేరిండట, మనకు చెప్తలేడు" అని ఒకటే గోల. చిన్నవ్వ అన్నం ముట్టలేదు. నీ ఉత్తరం ఆమెకు మళ్లీ మళ్లీ చదివి వినిపించి, టైరుకు కట్టింది తుపాకీనే గానీ నిన్ను కాదని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మెట్‌పల్లి దాకా పాకింది కూడా. వియ్యంకుడు పరుగెత్తుకొచ్చాడు. పెళ్లి చెడిందనే అనుకున్నాను. తీరా ఆయన మీ బావ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగిందేమిటంటే, "పెండ్లికి మామ తుపాకి తెస్తడా? మా దిక్కు ఎవ్వల పెండ్లిల గట్ల కాలే" అని. నేను తేడని చెబితే ఆయన మొహం చిన్నబోయింది. వియ్యంపురాలు మాత్రం అత్తరు బుడ్ల కోసం అల్మారా ఖాళీ చేసి పెట్టింది. ఆమెకు నువ్వే జవాబు చెప్పుకో.

నీ మీద నాకెంత కోపం వచ్చిందో రాయలేను. నీకేమైనా అయ్యుంటే, అలా కాల్చమన్నది నేను కదా. చెంబు అడుగు మీద ఎవరూ బాంబు పెట్టరు. అందుకే మొత్తం కాల్చమన్నాను. అది తుపాకీ తూటా అనీ, దెబ్బంతా అడుగు మీదే పడుతుందనీ ఒక్క ముక్క రాసుంటే అడుగు జోలికి పోవద్దనేదాన్ని. నన్ను భయపెట్టకూడదని అబద్ధమాడి నిజంగానే భయపెట్టావు. ఇంకెప్పుడూ నన్ను అలా కాపాడకు.

తిట్టడం అయింది. ఉపాయం విను. మెడ దగ్గర చిల్లిపడిన బిందెకు మాటు వేయాలంటే ఏంచేస్తాం? మెడకు సెగ పెడితే అడుగున పాత మాటు కరిగి ఊడిపోతుంది. అందుకని బిందెను నడుందాకా నీళ్లలో నిలబెట్టి మెడకు మాత్రం మంట చూపిస్తాం. నీళ్లున్నంత మేరా ఎంత కాల్చినా ఇత్తడి వేడెక్కదు. నీ గొట్టాలను అలాగే పళ్లెంలో నీళ్లుపోసి వరసగా నిలబెట్టు. మెడకే మంట తగలనివ్వు. రంగు తిరగ్గానే పుల్లతో తోసి నీళ్లలో పడెయ్యి. మెడ మెత్తన, అడుగు గట్టి. ఇంతే.

చివరగా ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆ తూటాలు ఎవరి మీదికి పోతాయి? మనం చేసిన ఇత్తడి నీళ్లు తాగడానికి, అన్నం వండుకోవడానికి పనికొచ్చింది. మనిషి ప్రాణం తీసే పనైతే మానెయ్యి. గంప లేకపోయినా సరే.

కమల


వాడి కబీర్
3 జనవరి 1978

అక్కా,

ఇన్నాళ్లు రాయనందుకు ఇప్పటికి నన్ను ఎన్ని అనాలో అన్నీ అనుంటావు. నా దగ్గర ఒక మంచి కబురు, ఒక చెడ్డ కబురు ఉన్నాయి. రెండోది మంచిదవుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.

నీ ప్రశ్నకు ముందు జవాబు. ఆ తూటాలు రాయి మీదికి పోతాయి. కొండ వాలులో ఒక తెల్లరాయి నిలబెట్టి, దూరంనుంచి కొడతారు. మనుషుల మీదికి పోయే పనైతే నేనే ముట్టేవాణ్ని కాదు. అయినా నువ్వు అడిగినందుకు నాకు సంతోషమేసింది. హమూద్‌కు చెబితే, "మీ అక్క అడిగేది న్యాయమే, ఆయమ్మకు సలాం చెప్పు అంటాండాడు" అన్నాడు దస్తగిర్.

ఇక మంచి కబురు. దస్తగిర్ కూర వండే పళ్లెం లాక్కుని అందులో నీళ్లు పోసి గొట్టాలు నిలబెట్టాను. గ్యాసు మంట మెడకు చూపించాను. నువ్వు చెప్పిన ఎరుపు వచ్చింది, పుల్లతో తోశాను, చుయ్‌మని నీళ్లలో పడ్డాయి. మళ్లీ కొండ, మళ్లీ టైరు, మళ్లీ తాడు. ఈసారి తలుపు వెన్నలా తెరుచుకుంది. గొట్టం ఎక్కడా చిన్న గీత లేకుండా, కొత్త భుజాలతో నిగనిగలాడుతూ బయటికి వచ్చింది. ముసలాయన దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది. నేను గంతులేశాను అక్కా, సిగ్గులేకుండా.

బక్రీదు రోజు జనమంతా కొండ కింద చేరారు. ఖల్ఫాన్ గుండు రాయి అంచును తాకింది. హమూద్ కొట్టింది రాయిని నడిమికి చీల్చింది. ఆడవాళ్లు దూరంనుంచి నాలుకలతో కూతలు పెట్టారు. ఖల్ఫాన్ వచ్చి ముసలాయన్ను కాదు, నన్ను కావలించుకున్నాడు. తనకూ అలాంటివి చేసిపెట్టమన్నాడు.

అక్కడే నా కొంప మునిగింది. మర్నాటినుంచి చుట్టుపక్కల వాదీల్లో, అంటే కొండలోయల్లో, ఉన్న ముసలివాళ్లంతా తుపాకులు భుజాన వేసుకుని వర్క్‌షాపు ముందు బారులు తీరారు. మామూలు తుపాకీయే అయినా, పాత గొట్టాల మెడలు మెత్తబరచమని ఒకటే పోరు. ఇంత గిరాకీ సాలిం ఎన్నడూ చూడలేదు. ఛుట్టీ మాట ఎత్తితే, "ఇప్పుడు నువ్వు పోతే ఎట్లా, వేసవిలో పో" అంటున్నాడు. పని పాడైతే ఛుట్టీ లేదన్నాడు, బాగా కుదిరినందుకూ లేదంటున్నాడు. నేనింకేం చేయాలి?

హమూద్‌కు ఈ సంగతి తెలియదు. పండగైన మర్నాడే కొండమీది ఊరికి పోయాడు. వచ్చే శుక్రవారం దిగివస్తాడట, నన్నూ దస్తగిర్‌నూ ఖవా, అంటే వీళ్ల కాఫీ, తాగడానికి రమ్మని కబురు పంపాడు. గంప సంగతి ఆయన ముందు పెడతాను. తండ్రి మాట సాలిం దాటడు. ఆయన ఊ అంటే కాగితాలు చేతికి రాగానే బయల్దేరతాను, ఉత్తరం రాయను. ఉత్తరంకన్నా నేనే ముందొస్తాను. కాదంటే, నా బదులు గంప ఎవరు పట్టాలో మీరే చూసుకోండి. 

నర్సయ్య


కోరుట్ల
22 జనవరి 1978

నర్సయ్యా,

ఈ ఉత్తరం నీ చేతికి అందకూడదని మొక్కుకుని మరీ రాస్తున్నాను.

ఇది నీ మంచం మీద ఊరికే పడుండాలి. నువ్వు ఏ బస్సులోనో కిటికీ పక్కన కూర్చుని మనూరి వైపు వస్తుండాలి. అలా జరిగితే నేనిందులో ఏం రాసినా ఫరవాలేదు కాబట్టి అన్నీ రాసేస్తాను.

ఒకవేళ అందిందా, విను. నీ బదులు గంప ఎవరు పట్టాలో చూసుకోమన్నావు. మా మరిది పడతానన్నాడు. మన పెదనాన్న కొడుకు పడతానన్నాడు. మీ బావైతే, "ఎవలు పడితేంది, గంప లేస్తది గద" అన్నాడు. ఆ రాత్రి ఆయనకు అన్నంలో కూర వేయలేదు. నువ్వు రాకపోతే గంపే ఉండదు. గౌరి నా చెయ్యి పట్టుకుని నడిచి వస్తుంది. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకుంటే నొక్కుకోనీ. అమ్మ పోయినప్పుడు నిన్ను నా ఒళ్లో పడుకోబెట్టి ఇక నీకు వీడు, వీడికి నువ్వు అన్నాడు నాన్న. నీ చోట ఇంకొకరి చెయ్యి పడటం నేను చూడలేను.

గౌరి బయట ఎవరి చెప్పుల చప్పుడైనా తలెత్తి చూస్తుంది. అంతే.

సాలింను నేనేమీ అనను. చేతిలో పని ఉన్నవాణ్ని ఎవరు వదులుకుంటారు? కానీ ఆ ముసలాయనకు అక్కచెల్లెళ్లు ఉండే ఉంటారు. నువ్వు మొహమాటపడి ఖవా తాగి లేచి వచ్చేస్తావేమోనని నా భయం. నోరు విప్పి అడుగు. అడిగే ఉంటావు. అడిగుంటే ఇది చదవవు.

నువ్వు చదవని ఈ ఉత్తరానికి సంతకం ఎందుకు.


వాడి కబీర్
16 ఏప్రిల్ 1978

అక్కా,

నిన్న రూమ్‌కు చేరాను. నీ ఉత్తరం నువ్వు కోరినట్టే నా మంచం మీద విప్పకుండా ఉంది. దస్తగిర్ దాని మీద రోజూ దుమ్ము దులిపాడట. ఎవరి జాబు వాళ్లే చదవాలని ముట్టుకోలేదు. ఇప్పుడు చదివాను. చదివి నవ్వాను, ఆ తర్వాత కాసేపు బయటికి పోయి నిలబడ్డాను.

ఆ శుక్రవారం సంగతి నీకు నిమ్మళంగా చెప్పనేలేదు. పెళ్లింట్లో నన్నెవరు మాట్లాడనిచ్చారు? ఒకరు తుపాకీ ఏదంటారు, ఒకరు ఒంటె ఎక్కావా అంటారు. వియ్యంపురాలు నేను ఇక్కడి మత్రా బజారులో కొన్న అత్తరు బుడ్లను నేను చేసినవని ఊరంతా తిప్పుతుంటే, కాదని చెప్పడానికే సరిపోయింది. ఆమె నమ్మలేదు కూడా.

నువ్వన్నదంతా నిజం. రెండు చిన్న కప్పుల ఖవా తాగినా గంప మాట ఎత్తలేదు. ఖర్జూరం గింజ వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాను. చివరికి దస్తగిరే మోచేత్తో పొడిచి, "నువ్వు చెప్పకపోతే నేనే చెప్తా చూడు" అని మొత్తం అరబ్బీలో అప్పజెప్పాడు. గంపను చేతులతో చూపించడానికి ఒక దిండును ఎత్తి గదంతా తిరిగాడు. హమూద్ నవ్వలేదు. సాలింను పిలిచి, గట్టిగా కూడా కాదు, మెల్లగానే ఏదో అన్నాడు. సాలిం తలొంచుకుని పోయి నా పాస్‌పోర్టు తెచ్చి ముందు పెట్టాడు. ఏమన్నాడని అడిగితే దస్తగిర్ చెప్పింది ఇది. "నా పెండ్లికి మా మేనమామ సముద్రం దాటి జంజిబారు నుంచి వచ్చినాడు. ఈ పిల్లోని మేనకోడలు వాకిట్లో కనిపెట్టుకోని ఉంటాది. నా తుపాకి ఏడాది పలక్కపోయినా ఏం కాదు అంటాండాడు." నేను ఆయన చేతులు పట్టుకున్నాను. 

ఇంకొకటి కూడా నీకు చెప్పాలి. పందిట్లో అందరూ నన్ను ఆటపట్టించారు. గంప తిన్నగా తేకుండా బావిని చుట్టి వచ్చానని, మస్కట్ తిండికి నడుం వంగిందని, దారి మరిచానని. ముహూర్తం దాటుతుందని అయ్యవారు కేకలేశాడు. అవతల పక్క పట్టిన మీ మరిది ఇప్పటికీ నన్ను తిడుతున్నాడట. ముందుపక్క పట్టింది నేను కాబట్టి నేనెటు పోతే గంప అటే పోయింది. నువ్వు కూడా, బరువైతే చెప్పొచ్చు కదరా అన్నావు.

బరువు కాదక్కా. గడప దాటగానే గౌరి ముసుగులోంచి నా చెవి దగ్గరికి వంగి, "మామా, జల్ది తీస్కపోకు. ఇంకింత సేపు మనింట్లనే తిప్పు" అన్నది.

అందుకే చుట్టు తిప్పాను.

నీ తమ్ముడు
నర్సయ్య